కుక్క మెడలో జారుముడి

గిలకబావి వద్ద బిందెతో నీరు తోడువారిని చూచితిరా? త్రాటి కొనయందు చిన్న కన్నుముడి వేసి, ఆ కన్నులోనుండి త్రాటిని దూర్చి ఉచ్చు చేసి, ఆ ఉచ్చును బిందె మెడకు తగిలింతురు. ఖాళీ బిందె క్రిందికి దిగునపుడు ఉచ్చు అంతంత మాత్రముగా పట్టుకొని యుండును. నీరు నిండి బిందె బరువెక్కిన కొలదిని త్రాడు బిగియుచు పోవును. బరువు ఎంత హెచ్చినచో పట్టు అంత గట్టిదగును. బిందెను పైకి లాగి గట్టుపై దింపగనే త్రాడు సడలును, ఉచ్చు వదులగును. కొక్కెము లేదు, మేకు లేదు. లాగినపుడు బిగియుట, విడిచినపుడు వదలుట – ఇంతియే ఈ ముడి స్వభావము. దీనినే జారుముడి యందురు.

అయితే త్రాడు బాగుగా తడిసి ఉబ్బినపుడు ఒక చిక్కు కలుగును. బిందెను దింపినను ఉచ్చు వదలదు. వ్రేలు దూర్చి దానిని సడలింపవలసి వచ్చును. బిందె ఇత్తడిది, మరికొంతసేపు ఉచ్చులో నున్నను దానికి నష్టము లేదు. ఆ మెడ ప్రాణముగల జంతువుదైనచో సంగతి వేరు.

ఈ జారుముడినే కుక్క మెడకును వేయుట కలదు. రెండు చివరల రెండు వలయములు గల లోహపు గొలుసుగా నున్నచో అంగళ్లలో దానిని చోక్ చైను అందురు. పగ్గమును మెడపట్టీయు ఒక్కటే త్రాడుగా నున్నచో స్లిప్ లీడు అందురు. మన ఇండ్లలో కుక్కకు సామాన్యముగా కట్టు తోలు బెల్టు ఇట్టిది కాదు. బకిలుతో దానిని ఒక కొలతకు బిగించిన పిమ్మట, కుక్క ఎంత లాగినను అది ఆ కొలతలోనే యుండును. జారుముడికి మాత్రము స్థిరమైన కొలత లేదు. దాని కొలత పగ్గము పట్టిన మనుష్యుని చేతిలో నున్నది. ఆ చేయి ఎరుక గలదైనచో ముడి యొక పనిముట్టు; ఎరుక లేనిదైనచో అది ఉరి.

కుక్కకు పట్టీ కట్టి నడుపుట చాల ప్రాచీనమైన అలవాటు. గ్రీసు దేశపు సేనానియు రచయితయు నగు జెనొఫోను క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమున వేటకుక్కలను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. వేటకుక్కల మెడపట్టీలు మెత్తగను వెడల్పుగను ఉండవలెననియు, లేనిచో వాటి రోమములు ఒరసికొని పోవుననియు ఆయన అందు హెచ్చరించెను. రోమను పండితుడైన వర్రో క్రీస్తుపూర్వము 37 ప్రాంతమున వ్యవసాయముపై రచించిన గ్రంథమున మందలను కాయు కుక్కల మెడపట్టీని వర్ణించెను. తోడేలు కుక్క కంఠమును కరచి పట్టకుండుటకై ఆ తోలుపట్టీకి ఇనుపమేకులు దిగగొట్టెడివారట. ఆ మేకుల తలలు కుక్క మెడకు గ్రుచ్చుకొనకుండ లోపలివైపున మెత్తని తోలు కుట్టెడివారట. పైన తోడేలుకొరకు ఇనుము, లోపల కుక్కకొరకు మెత్తదనము! రెండువేల సంవత్సరముల క్రిందటి ఆ పట్టీని నేటి అంగడిలోని సన్నని గొలుసు ప్రక్కన నిలిపి చూచినచో, మనము ఈ విషయమున ముందునకు పోయితిమా వెనుకకు వచ్చితిమా యని సందేహము కలుగును.

ఇక జారుముడి గొలుసు పనిచేయు తీరును గమనింపుడు. గొలుసు చివరనున్న ఒక వలయములోనుండి గొలుసును జారవిడిచినచో ఒక ఉచ్చు ఏర్పడును. జారిన కొనయందలి వలయమునకు పగ్గమును తగిలింతురు. ఇది కదలు వలయము. గొలుసు దేనిలోనుండి జారుచున్నదో అది రెండవ వలయము. పగ్గమును లాగినపుడు గొలుసు రెండవ వలయమునుండి వెలుపలికి వచ్చును, ఉచ్చు చిన్నదగును. పగ్గమును వదలినపుడు రెండవ వలయము తన బరువుతో తానే క్రిందికి జారును, ఉచ్చు పెద్దదగును.

ఇందొక సూక్ష్మమున్నది. గొలుసును కుక్క మెడకు రెండు విధములుగా తొడుగవచ్చును. చూపునకు రెండును ఒకటే. కాని ఒక విధమున అది వదలును, మరియొక విధమున వదలదు. కుక్క మనకు ఎడమవైపున నడచుననుకొనుడు. పగ్గమునకు తగిలిన గొలుసు కొన కుక్క మెడ పైభాగము మీదుగా వచ్చి, రెండవ వలయములో దూరి, మన చేతికి రావలయును. అట్లున్నపుడు రెండవ వలయము మెడ ప్రక్కన వ్రేలాడుచుండును. పగ్గము సడలగనే అది జారి, ఉచ్చును వదులు చేయును. ఇది సరియైన తీరు. తిరుగవేసినచో గొలుసు మెడ క్రిందినుండి వచ్చును. రెండవ వలయము మెడపైకి ఎక్కి అచటనే చిక్కుకొని యుండును. పగ్గమును పూర్తిగా వదలినను అది దిగిరాదు. కుక్క లాగుట మానినను, మనము లాగుట మానినను ముడి మాత్రము మానదు.

దీనిని గుర్తుంచుకొనుటకు శిక్షకులు ఒక ఉపాయము చెప్పుదురు. కుక్కకు ఎదురుగా నిలిచి, ఉచ్చును రెండు చేతులతో పట్టుకొన్నపుడు అది ఇంగ్లీషు అక్షరమాలలోని ‘పి’ వలె కనబడవలయును. 9 అంకె వలె కనబడినచో తిరుగబడినదని తెలిసికొనవలయును. కుక్క మన కుడివైపున నడచునదైనచో ఈ సూత్రము తారుమారగును. కావున ఎడమవైపున నడచుటకై తొడిగిన గొలుసుతో కుక్కను కుడివైపునకు మార్చినను ప్రమాదమే. నడచుచున్న కుక్క మనచుట్టు ఎన్నిసార్లు తిరుగునో మీరెరుగుదురు. నిన్న ఈ వైపున, నేడు ఆ వైపున నడపు ఇంటివారి చేతిలో ఈ గొలుసు ఎన్నడును నమ్మదగినది కాదు.

కుక్క మెడ లోపల ఏమున్నదో తెలిసికొన్నచో ఈ జాగ్రత్త యంతయు ఏలయో బోధపడును. మెడ ముందుభాగమున, చర్మమునకు కొద్ది లోతుననే శ్వాసనాళమున్నది. అది మృదులాస్థితో చేయబడిన ముప్పదికి పైగా వలయములతో కూర్చబడిన గొట్టము. ఈ వలయములు పూర్తి గుండ్రములు కావు, వెనుకవైపున తెరచియుండును. కావుననే మెడ ఎటు వంగినను గొట్టము ముడుచుకొనక వంగగలదు. కావుననే గట్టిగా నొక్కినచో అణగిపోవును గూడ. పొమరేనియను, యార్క్‌షైర్ టెరియరు వంటి చిన్న జాతులలో కొన్నిటికి ఈ వలయములు వయసుతో బలహీనపడి, శ్వాసనాళము దానంతటదే అణగు వ్యాధి కలుగును. అట్టి కుక్క మెడకు జారుముడి వేయుట ఎంత తగనిదో వేరుగ చెప్పనక్కరలేదు.

శ్వాసనాళమునకు ఇరుప్రక్కల మెదడునకు రక్తమును కొనిపోవు ధమనులు, మెదడునుండి రక్తమును మరల తెచ్చు సిరలు గలవు. సిరలు పలుచనివి, వాటియందు రక్తపు ఒత్తిడి తక్కువ. కావున మెడను నొక్కినపుడు ముందుగా మూతపడునవి సిరలే. తలకు రక్తము పోవుచునే యుండును, తిరిగివచ్చు దారి మాత్రము మూసికొనును. అపుడు కన్నులలోను తలలోను ఒత్తిడి హెచ్చును. వీటికి తోడు థైరాయిడు గ్రంథి, అన్నవాహిక, గుండెకును జీర్ణాంగములకును పోవు నాడులు, వెనుకవైపున ఏడు వెన్నుపూసలు – ఇన్నియు ఆ ఇరుకు స్థలముననే యున్నవి.

మీ భౌతికశాస్త్ర పాఠమున పీడనమును గూర్చి చదివియుందురు. బలమును వైశాల్యముచే భాగించినచో పీడనము వచ్చును. ఒక కుక్క పగ్గమును పది కిలోల బరువుకు సమానమైన బలముతో లాగుచున్నదనుకొందము. పట్టీ మెడకు ఆనుకొన్న నిడివి 20 సెంటీమీటర్లు. పట్టీ వెడల్పు 2 సెంటీమీటర్లైనచో ఆనుకొన్న వైశాల్యము 40 చదరపు సెంటీమీటర్లు; ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై పడునది పావుకిలో. అదే బలము అర సెంటీమీటరు మందముగల త్రాటిపై పడినచో వైశాల్యము 10 చదరపు సెంటీమీటర్లే. ఒక్కొక్క దానిపై పడునది కిలో. కుక్క మారలేదు, బలము మారలేదు, బాధ మాత్రము నాలుగింతలైనది. ఇది కదలని పట్టీ లెక్క. జారుముడియందు ఇంకొక విశేషమున్నది. కదలని పట్టీ లాగినవైపునకు ఎదురుగా నున్న భాగమునే నొక్కును. జారుముడి మెడను నలువైపుల చుట్టి నొక్కును. పైగా కదలని పట్టీకి ఒక హద్దున్నది. జారుముడికి మెడయే హద్దు.

మన దేశపు ఎండలలో మరియొక సంగతి గూడ ఆలోచింపవలయును. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. దాని శరీరపు వేడిమి సుమారు 38 నుండి 39 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండును. అది మించకుండ నోరు తెరచి, నాలుక చాచి, వేగముగా రొప్పి, ఆవిరి రూపమున వేడిని వెలుపలికి పంపును. రోహిణికార్తె ఎండలో నడచు కుక్క మెడను బిగించుట, మండుచున్న పొయ్యి గల వంటయింటికి పొగగూడు మూసివేయుటవంటిది. పగ్గు వంటి పొట్టిముక్కు కుక్కలకు చల్లని వేళనే ఊపిరి కష్టము. వాటి మాట చెప్పనేల?

ఇట్టి ముడి శిక్షణలో ప్రధానమైన స్థానము నెట్లు సంపాదించెనని మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. జర్మనీ దేశమున పోలీసు కుక్కలకు శిక్షణ నిచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910లో ఒక గ్రంథమును ప్రకటించెను. బలవంతమునకు ప్రాముఖ్యమిచ్చిన ఆ పద్ధతి సైనిక శిక్షణశాలలకు వ్యాపించెను. అమెరికాలో విలియం కోయెలర్ 1962లో ప్రకటించిన గ్రంథము గొలుసుతో ఇచ్చు కుదుపును ఇంటింటి కుక్కల శిక్షణకు తెచ్చెను. ఇంగ్లండున బార్బరా వుడ్‌హౌస్ అను వృద్ధ వనిత 1980లో బి.బి.సి. టెలివిజనులో కుక్కల శిక్షణను చూపి, ఆ దేశమున మిక్కిలి పేరు పొందెను. ఆమెయు చోక్ చైనునే వాడెను.

వీరు కుక్కలను ద్వేషించినవారు కారు. వారు చెప్పినదానిని న్యాయముగా చెప్పవలెనన్నచో ఇది: గొలుసును బిగబట్టి యుంచుట తప్పు. కుక్క తప్పినపుడు రెప్పపాటు కాలము లాగి, వెంటనే వదలవలయును. ఆ గొలుసు చప్పుడును, ఆ క్షణపు బిగువును కుక్క గుర్తించి దారికి వచ్చును. అనగా వారి పద్ధతిలోను గొలుసు ఉపయోగమంతయు వదలుటలోనే యున్నది. ఇది వినుటకు బాగుగానే యున్నది. కాని సాయంకాలము వీథులలో గొలుసు పట్టి నడచువారిని పదిమందిని పరిశీలింపుడు. లాగి వదలువాడు ఒక్కడైన నుండునా? కుక్క ముందుకు లాగుచుండును, మనుష్యుడు వెనుకకు లాగుచుండును, గొలుసు ఆసాంతము బిగిసియే యుండును. నేర్పరి చేతిలో మాత్రమే హాని తక్కువయగు పనిముట్టును నేర్పులేని వేలమంది చేతులకు అందించుట వివేకము కాదని నా అభిప్రాయము. నేర్పరి యైనవాడు దీనిని లేకయే కుక్కకు నడక నేర్పగలడు గూడ.

పరిశోధనలును ఈ వైపునకే మ్రొగ్గినవి. 2006లో ప్రకటింపబడిన ఒక అధ్యయనమున 26 కుక్కలను మెడపట్టీతోను, ఛాతికి తొడుగు హార్నెస్‌తోను లాగునట్లు చేసి, కంటిలోని ఒత్తిడిని కొలిచిరి. మెడపట్టీతో లాగినపుడు ఆ ఒత్తిడి స్పష్టముగా పెరిగెను. హార్నెస్‌తో లాగినపుడు అట్లు పెరుగలేదు. 2013లో ఒక పశువైద్య పత్రిక మరింత విషాదకరమైన సంగతిని ప్రకటించెను. శిక్షణ పేరిట చోక్ చైనుతో దండింపబడిన ఒక జర్మన్ షెపర్డు కుక్కకు మెదడునందు రక్తప్రసారము తగ్గి తీవ్రమైన హాని కలిగెను. 2020లో ఇంగ్లండునందలి పరిశోధకులు కృత్రిమమైన మెడ యొకటి చేసి, దానిపై అనేక విధములగు మెడపట్టీలను, స్లిప్ లీడును పరీక్షించిరి. గట్టిగా లాగినపుడు వాటిలో ఏదియు పూర్తిగా నిరపాయమని చెప్పుటకు వీలులేదని తేలెను. మెత్తని వెడల్పు పట్టీ గూడ ఇందు మినహాయింపు కాదు. కావున కేవలము గొలుసును మార్చి బెల్టు తగిలించినంత మాత్రమున చాలదు, లాగులాట మానవలయును. జంతువుల ప్రవర్తనను అధ్యయనము చేయు అమెరికా పశువైద్యుల సంఘము 2021లో తన అభిప్రాయమును ప్రకటించుచు, అన్ని కుక్కలకును బహుమాన పద్ధతినే వాడుడని చెప్పెను. జర్మనీలో 2022 నుండి కుక్కల శిక్షణకు నొప్పి కలిగించు సాధనములను వాడుట చట్టముచే నిషిద్ధము.

అయినను జారుముడికి తగిన పనులు కొన్ని లేకపోలేదు. పశువైద్యశాలలో మెడకు పట్టీ లేని కుక్కను ఒక గదినుండి మరియొక గదికి కొనిపోవలెను. బెదరిన కుక్క మెడకు బకిలు బిగించుటకు దగ్గరకు పోయినచో కరచును. స్లిప్ లీడును దూరమునుండియే తలమీదుగా వేయవచ్చును. పని ముగియగనే ఒక్క క్షణములో తీయవచ్చును. వేటపక్షులను తెచ్చుటకు శిక్షణ పొందిన కుక్కలను పాశ్చాత్య దేశములలో స్లిప్ లీడుతో నడిపించి, పొదలలోనికి పంపునపుడు దానిని తీసివేయుదురు. మెడలో పట్టీ యున్నచో ముండ్లకంపకు చిక్కుకొనునని వారి భయము. ఈ రెండు పనులలోను ముడి మెడలో నుండునది కొద్దిసేపే. త్రాటి రెండవ కొన మనుష్యుని చేతినుండి వీడదు.

మూడవ సందర్భము మరింత ఆసక్తికరమైనది. కర్ణాటకమునందలి ముధోల్ ప్రాంతపు వేటకుక్కలను, తమిళనాడునందలి రాజపాళయము కుక్కలను మీలో కొందరు చూచియుందురు. ముధోల్ కుక్క తల సన్నన, మెడ పొడవు. గ్రేహౌండు మొదలగు పాశ్చాత్యపు పరుగు కుక్కలును ఇట్టివే. వీటి మెడకంటె తల పెద్దగా వెడల్పైనది కాకపోవుటచే, బెల్టు కట్టినచో వెనుకకు నడచి తల విదిల్చి సులభముగా తప్పించుకొనును. తప్పించుకొన్న కుక్క రోడ్డుపై లారీ క్రింద పడవచ్చును. అట్లని పూర్తి ఉచ్చు వేసినచో మెడకు ముప్పు. ఈ చిక్కును తీర్చుటకు మార్టింగేల్ అను పట్టీ ఏర్పడినది. అందు రెండు వలయములుండును. పెద్ద వలయము వెడల్పైన గుడ్డతో చేయబడి మెడచుట్టు నుండును. కాని దాని రెండు కొనలు కలిసియుండవు. ఆ కొనలనుండి ఒక చిన్న వలయము పోవును. పగ్గము దానికి తగులును. కుక్క లాగినపుడు చిన్న వలయము పెద్దదాని కొనలను దగ్గరకు చేర్చును. కొనలు ఒకదానికొకటి తగిలిన పిమ్మట పట్టీ ఇక బిగియదు. కొలతను సరిగా అమర్చినచో తల జారిపోనంతగా బిగియును, గొంతు నొక్కనంతలో నిలుచును. జారుముడికి హద్దు నేర్పిన ఈ చిన్న యుక్తి మెచ్చదగినది.

త్రాటి స్లిప్ లీడులకును ఇట్టి హద్దు వేయవచ్చును. మంచి స్లిప్ లీడున త్రాటిపై జరుగు తోలుబిళ్ల యొకటి యుండును. ఉచ్చును కుక్క తలమీదుగా వేసి, రెండు వ్రేళ్లు దూరునంత సందు విడిచి, తోలుబిళ్లను వలయమునకు దగ్గరగా జరుపుదురు. అది ఉచ్చు మరీ వదులై తలనుండి ఊడిపోకుండ కాపాడును. మరికొన్నిటియందు వలయమునకు లోపలివైపున గూడ ఒక బిళ్లయో, గట్టిముడియో యుండును. ఉచ్చు ఒక హద్దును దాటి బిగియకుండ అడ్డుపడునది అదియే. కొనునపుడు ఈ లోపలి అడ్డు ఉన్నదా లేదా యని చూడవలయును. త్రాడు నున్నగా, చిటికెనవ్రేలికంటె లావుగా నుండుట మేలు. కొబ్బరిపీచు త్రాడు, ప్లాస్టిక్ త్రాడు తగవు. మొదటిది గరుకై జారదు, రెండవది సన్ననై కోయును.

కుక్కపిల్లలకు జారుముడి వేయరాదు. కంటిజబ్బు గల వాటికి, దగ్గు గల వాటికి, ముసలివాటికి, పొట్టిముక్కు వాటికి వేయరాదు. ఇంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు: జారుముడి మెడలో నున్నపుడు కుక్కను దేనికిని కట్టివేయరాదు, ఒంటరిగా విడువరాదు. చేతితో పట్టుకొన్న పగ్గము కుక్క గింజుకొన్నపుడు కొంత లొంగును, గుంజ లొంగదు. భయపడిన కుక్క లాగును. లాగిన కొలదిని ముడి బిగియును. బిగిసిన కొలదిని భయము హెచ్చును. ఆ చక్రమును ఆపుటకు అచట మనుష్యుడు లేడు. గోడ ప్రక్కన కట్టిన కుక్క పిల్లిని చూచి గోడ దూకి, అవతల వ్రేలాడి ప్రాణము విడుచుటయు ఇట్లే జరుగును. రెండు కుక్కలు ఆడుకొనునపుడును ఈ గొలుసు తీసివేయవలయును. ఒకదాని క్రింది దవడ రెండవదాని గొలుసులో దూరి మెలిపడినచో రెండును భయముతో వేర్వేరు దిక్కులకు లాగును.

మన పల్లెలలో ఈ ముప్పు అంగడి గొలుసుతో వచ్చునది కాదు. దొరికిన త్రాటితో వీథిలోని కుక్కపిల్లను పట్టి, మెడకు తెలియక జారుముడి వేసి, స్తంభమునకు కట్టు బాలురు చాలమంది కలరు. అదే బాలుని తండ్రి దూడకు పలుపు కట్టునపుడు అట్లు చేయడు. దూడ మెడకు వేసిన ముడి ఎంత లాగినను కదలకుండ, మెడచుట్టు చేయి దూరునంత సందుండునట్లు కట్టును. పశువు రాత్రివేళ గుంజచుట్టు తిరిగి చిక్కుకొనిన ఏమగునో ఆయన ఎరుగును. కుక్కకు త్రాడు కట్టవలసి వచ్చినపుడు ఆ జారని ముడిని పెద్దల వద్ద నేర్చుకొని కట్టవలయును. త్రాడు మెడకు ఒరయుచోట వెడల్పైన గుడ్డ చుట్టినచో ఇంకను మంచిది. పిల్ల పెరుగుచుండును, త్రాడు పెరుగదు. కావున వారమునకొకసారియైనను వ్రేళ్లు దూర్చి చూడవలయును. చూడక విడిచిన త్రాడు చర్మమును కోసి మాంసములో దిగబడిన కుక్కలు పశువైద్యశాలలకు వచ్చుచుండుట క్రొత్త కాదు.

ఈ విషయమున మన దేశమున చట్టము గూడ కలదు. 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టము ప్రకారము జంతువును తగని పొట్టి గొలుసుతోనో, తగని బరువైన గొలుసుతోనో, తగనంత కాలము కట్టియుంచుట నేరము. ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను తగినంత తిప్పక నిర్లక్ష్యము చేయుటయు నేరమే. ఈ చట్టమునకై పాటుపడినవారిలో కళాక్షేత్ర స్థాపకురాలైన రుక్మిణీదేవి అరుండేల్ ముఖ్యులు. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడినపుడు ఆమెయే దానికి అధ్యక్షురాలైరి. నృత్యకళకు ప్రసిద్ధి చెందిన ఆమె పేరు కుక్కగొలుసు సంగతిలో గూడ వచ్చుట మీకు వింతగా తోచవచ్చును.

గొలుసు లేక కుక్క నడక నేర్చుకొనునా యని కొందరడుగుదురు. నేర్చుకొనును. మెడనుగాని ఛాతినిగాని ఒకవైపునకు లాగినచో కుక్క రెండవవైపునకు లాగుట దాని స్వభావము. దీనికి విరుగుడు ఎదురు లాగకుండుటయే. వెడల్పైన పట్టీకో, ఛాతికి తొడుగు హార్నెస్‌కో పగ్గము తగిలించి బయలుదేరుడు. పగ్గము బిగిసినంతనే చెట్టువలె నిలిచిపొండు, లాగకుడు, అరవకుడు. కుక్క కొంతసేపు లాగి, విసిగి, వెనుదిరిగి మీవైపు చూచును. పగ్గము సడలును. ఆ క్షణముననే మెచ్చుకొని, ఉడికించిన గ్రుడ్డు ముక్కయో రొట్టె ముక్కయో ఇచ్చి, ముందునకు నడువుడు. మొదటి దినమున మీ ఇంటినుండి వీథి మొగకు పోవుటకు అరగంట పట్టవచ్చును. ప్రక్కింటివారు నవ్వవచ్చును. పగ్గము వదులుగా నున్నపుడే దారి సాగునని కుక్క కొన్ని వారములలో గ్రహించును. ఇంటిలోని వారందరును ఒకే తీరున నడపవలయును. అన్న నిలిచిపోయి, తమ్ముడు లాగించుకొని పరుగెత్తినచో ఆ కుక్క ఏమి నేర్చును?

ఇక ఆపద వచ్చినపుడు చేయవలసినదానిని చెప్పవలయును. ఉచ్చులో చిక్కి కుక్క గింజుకొనుచున్నపుడు త్రాటిని లాగకుడు. పెద్దలను కేక వేయుడు. ఊపిరాడని కుక్క తనవారినైనను కరచును. కావున మీ చేతిని దాని నోటి వద్దకు పోనీయకుడు. వ్రేలాడుచున్న కుక్కను క్రిందినుండి నడుము పట్టి పైకెత్తి, దాని బరువును ముడినుండి తొలగింపవలయును. గుంజకు కట్టినదైనచో కుక్కనే గుంజవైపునకు జరుపవలయును. త్రాడు సడలిన పిమ్మట వలయమును వెనుకకు జరిపి ఉచ్చును తీయవచ్చును. జరుగనిచో త్రాటిని కోసివేయుడు. ముడిని విప్పుచు కూర్చుండుటకు కాలముండదు. రెండు కుక్కలు మెలిపడినపుడు వాటిని విడదీయ లాగక, ఒకదానివైపు మరొకదానిని చేర్చి మెలిని విప్పవలయును. ఈ తొందరలో ఎవరినైనను కరచినచో గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలయును.

ఉచ్చు తీయగనే కుక్క లేచి, దులుపుకొని, తోక ఆడించవచ్చును. అంతటితో గండము గడచినదని తలపరాదు. గొంతు బిగిసినపుడు గాలి పీల్చుటకు అది చేసిన ప్రయత్నముచేత ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. ఆ లక్షణములు కొన్ని గంటల పిమ్మటగాని బయటపడకపోవచ్చును. దగ్గు, బొంగురు అరపు, ఊపిరిలో గురక, నాలుక నీలివన్నెకు మారుట, కంటి తెల్లగ్రుడ్డున నెత్తురు జీర, నడకలో తూలుట – వీటిలో ఏది కనబడినను రాత్రియైనను పశువైద్యుని వద్దకు కొనిపోవలయును. ఏదియు కనబడకున్నను ఆ దినముననే ఒకసారి చూపించి, మరునాటివరకు మెడకు ఏ పట్టీయు కట్టక, నీడగల చోట, మనుష్యుల కంటియెదుట దానిని పడుకొననీయవలయును.